మెట్టనేల దప్పిక

పల్నాటి నీటి ఎద్దడిని ఎత్తిపొడుస్తూ శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు సాహిత్యాభిమానులకు తెలిసినవే. జొన్నకూటితో కవిసార్వభౌముడు పడిన అవస్థ సరే, ఆ కూడే తిని ఎండలో సేద్యం చేసినవారు దప్పిక ఎట్లా తీర్చుకొన్నారన్నది నా కుతూహలం.

ఆనాటి నేలను ఊహించుకోవాలంటే ముందుగా మిరపచేలను చెరిపివేయాలి. పత్తి మన దేశంలో వేల ఏళ్ళుగా ఉన్నదే. మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల వెంట వచ్చిన అమెరికా మొక్క. శ్రీనాథుడు గుంటూరు కారం ఎరుగడు! పుచ్చ కూడా వలస వచ్చినదే, కానీ మిరపకంటె చాలా ముందు. దాని పుట్టిల్లు ఆఫ్రికా. సూడాన్‌లోని కొర్డోఫాన్ పుచ్చ దీనికి అతి దగ్గరి చుట్టమని 2021లో జన్యుపరిశోధన తేల్చింది. నూటికి 91 పాళ్ళు నీరే. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీనే దీనికీ ఎరుపునిస్తుంది. 1914లో జపాను శాస్త్రజ్ఞులు పుచ్చరసంనుండి ఒక అమైనో ఆమ్లాన్ని వేరుచేశారు. పుచ్చ లాటిన్ పేరు మీదుగానే దానికి సిట్రులిన్ అన్న పేరు వచ్చింది.

పుచ్చకు ఏటి ఇసుకో, బావి నీరో ఉండాలి. చేనిగట్టున నిలిచిన తాటికి అదీ అక్కరలేదు. మనం పండుగా లెక్కవేసే ముంజ నిజానికి ముదరని గింజ. కాయ తల చెక్కి, బొటనవ్రేలితో కంటిలోంచి తోడుకొంటే లోపల తియ్యని నీరు. ముదిరితే అది రాయి. వానలకు తాటిపండు, ఆ టెంకలు పాతరవేస్తే చలికాలానికి తేగలు.

ఇంత ఉన్నా 1832-33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనంలో లక్షన్నర మంది పోయారని అంచనా. వంద గ్రాముల పుచ్చలో ఉన్నవి 30 కెలోరీలే. ముంజదీ ఇంచుమించు అదే దారి. దప్పిక తీర్చే కాయ ఆకలి తీర్చదు. చెమటతో పోయే ఉప్పు కూడా వీటిలో నామమాత్రమే. కూలివాని వేసవికి ఉప్పు కలిపిన మజ్జిగ, తరవాణి తప్పనిసరి కావటం ఇందుకే. పండ్ల గుణగణాలు వర్ణించేవారు ఈ మాట ఎందుకో దాటవేస్తారు.

1855కల్లా బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీరిచ్చింది. మెట్టసీమ మాత్రం 1967లో సాగర్ కుడికాలువ పారేదాకా వేచి ఉండవలసి వచ్చింది. నీళ్ళతోపాటు మిరప పెరిగింది. గట్లమీది తాళ్ళు తరిగాయి. కోతలకు పడమటి మెట్టనుంచి వలస వచ్చే కూలీలు కళ్ళాల దగ్గరే గుడారాలు వేసుకొంటారు. పుచ్చకాయలు లారీలలో గుంటూరు చేరే కాలమూ అదే.