తూకానికి రాని రొట్టె

ఇంగ్లండులో గుడ్ ఫ్రైడేకి తినే హాట్ క్రాస్ బన్‌కి ఉన్నన్ని పుట్టుకథలు ఇంకే రొట్టెకీ ఉండవేమో. చూడబోతే చాలా చిన్న వస్తువు. మైదా, పాలు, వెన్న, చక్కెర, ఈస్టు. అందులో దాల్చినచెక్క, జాజికాయ, లవంగం పొడి. గుప్పెడు ఎండుద్రాక్ష, చక్కెరలో ఊరిన నారింజ తొక్క. గుండ్రంగా చేసి, పైన సిలువ గీసి కాలుస్తారు. దాని చరిత్ర ఏమిటని అడిగితే మాత్రం ఒక దేవత, ఒక సన్యాసి, ఒక మహారాణి వరసగా వచ్చి నిలబడతారు.

దేవత పేరు ఎయోస్త్రె. క్రైస్తవం రాకముందు సాక్సన్లు వసంతకాలంలో ఆమెకి ఇలాంటి రొట్టెలే నైవేద్యం పెట్టేవారని, చర్చి దాన్ని తనలో కలిపేసుకుందని మొదటి కథ. 1361లో సెయింట్ ఆల్బన్స్ మఠంలో థామస్ రోక్లిఫ్ అనే సన్యాసి గుడ్ ఫ్రైడే నాడు పేదలకి సిలువ గుర్తున్న బన్నులు పంచాడని రెండో కథ. పోపు మతపు వాసన కొడుతోందని మొదటి ఎలిజబెత్ రాణి వీటిని నిషేధించిందని, జనం తలుపులు వేసుకుని ఇంట్లోనే కాల్చుకున్నారని మూడోది. మూడూ వినడానికి బాగుంటాయి. ఆధారాల దాకా వెళితే ఒక్కదానికే కాగితం మిగులుతుంది, ఆ కాగితం కూడా కథ చెప్పే మాట చెప్పదు.

ముందు దేవత సంగతి. ఎయోస్త్రె పేరు మనకి తెలిసింది బీడ్ అనే ఆంగ్ల సన్యాసి వల్ల. 725లో కాలగణన మీద రాసిన లాటిన్ గ్రంథంలో, ఏప్రిల్ ప్రాంతపు నెలకి ఆ పేరు ఎందుకొచ్చిందో చెబుతూ, పూర్వం ఆ నెలలో ఈ దేవతకి పండుగలు చేసేవారని ప్రస్తావిస్తాడు. అంతే. రొట్టె లేదు, గుడ్డు లేదు, కుందేలు లేదు. రొట్టెని దేవతల దగ్గరికి చేర్చింది వెయ్యేళ్ళ తర్వాతి పండితులు. 1774లో జేకబ్ బ్రయంట్, బన్ అనే మాట ప్రాచీనుల నైవేద్యం పేరు నుంచి వచ్చిందని ఊహించాడు. 19వ శతాబ్దం నడుమ అలెగ్జాండర్ హిస్లప్ అనే స్కాట్లండు పాదిరి ఇంకా దూరం వెళ్ళి, ఈ బన్నులు బాబిలోను పూజల్లోవేనని తేల్చేశాడు. యిర్మీయా గ్రంథంలో ఆకాశరాణికి చేసే పిండివంటలు, గుడ్ ఫ్రైడే బన్నులు అతని దృష్టిలో ఒకటే. అతని అసలు గురి రోమన్ కాథలిక్కుల మీద. బన్ను దారిలో దొరికిన రాయి.

ఇది పండితుల గొడవే కదా అని వదిలెయ్యడానికి వీల్లేదు. హిస్లప్ వాదం పేరు మార్చుకుని ఇవాళ ఫోన్లలో తిరుగుతోంది. సికింద్రాబాద్‌లో ఉండే మా మేనత్త పక్కింటి ఆంగ్లో-ఇండియన్ల దగ్గర నేర్చుకుని ఏటా గుడ్ ఫ్రైడే ముందురోజు ఈ బన్నులు చేసేది. ఒక ఏడాది మానేసింది. ఎందుకత్తా అంటే, “వద్దులేరా, అవి అన్యదేవతలవంట, వీడియోలో చెప్పిండ్రు” అంది. ముప్పయ్యేళ్ళు చేతి అలవాటుగా ఉన్న వంటని ఆధారం లేని ఒక్క వాక్యం ఆపేసింది. నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టింది అందుకే.

సన్యాసి కథ అంత హాని చెయ్యదు. సెయింట్ ఆల్బన్స్ కథీడ్రల్ ఇప్పటికీ దాన్ని ఇష్టంగా చెప్పుకుంటుంది. కానీ 1361 నాటి సంఘటన అచ్చులో మనకి కనిపించేది ఐదొందల ఏళ్ళ తర్వాత, 19వ శతాబ్దపు పత్రికలో. నడుమ అంత ఖాళీ ఉన్నప్పుడు దాన్ని ఐతిహ్యం అనొచ్చు, చరిత్ర అనడం కష్టం.

మూడోదానికి కాగితం ఉంది. 1592లో లండన్ మార్కెట్ల అధికారి ఇచ్చిన ఆజ్ఞ అది. ఇంగ్లీషు రొట్టెల మీద ఎలిజబెత్ డేవిడ్ 1977లో రాసిన పెద్ద పుస్తకం దాన్ని చాలామంది పాఠకులకి చేర్చింది. దాని సారం ఇది: రొట్టెలు చేసి అమ్మేవాళ్ళెవరూ మసాలా కేకులు, బన్నులు, బిస్కెట్లు, మసాలా రొట్టెలు అమ్మకూడదు; చావు ఇంటికి, ఈస్టరు ముందు శుక్రవారానికి, క్రిస్మస్‌కి మాత్రం అమ్మొచ్చు; మీరితే సరుకు జప్తు చేసి పేదలకి పంచుతారు. ఇందులో సిలువ మాట లేదు. పోపు లేడు. మూఢనమ్మకం ఊసే లేదు. కారణంగా చెప్పింది ఒకటే: ఇవి చట్టం ఒప్పుకున్న కొలతకి బయట ఉన్న రొట్టెలు.

కొలత అంటే ఏమిటో తెలిస్తే గానీ దీని బరువు తెలియదు. ఇంగ్లండులో 13వ శతాబ్దం నుంచి రొట్టె మీద ఒక చట్టం ఉండేది. రొట్టె ధర మారదు; ఫార్దింగు రొట్టె ఎప్పటికీ ఫార్దింగే, పెన్నీ రొట్టె ఎప్పటికీ పెన్నీయే. మారేది బరువు. గోధుమ ధర పెరిగితే రొట్టె చిక్కుతుంది, తగ్గితే లావెక్కుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఏది స్థిరం, ఏది చరం అని ముందే తేల్చుకుంటారు కదా, అలాగన్నమాట. మనకీ ఇది కొత్త కాదు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు ఏళ్ళ తరబడి ఐదు రూపాయలే, లోపల బిస్కెట్లే తగ్గుతూ వచ్చాయి. తేడా ఏమిటంటే అక్కడ ఎంత తగ్గాలో కంపెనీ కాదు, అధికారి చెప్పేవాడు. తూకం తగ్గించి దొరికిన రొట్టెలవాడికి జరిమానా, బొండకొయ్యలో నిలబెట్టడం లాంటి శిక్షలు ఉండేవి.

ఈ లెక్క వట్టి గోధుమ రొట్టెకి సరిపోతుంది. అందులో వెన్న, చక్కెర, ద్రాక్ష, జాజికాయ వేస్తే? గోధుమ ధరని బట్టి దాని బరువు ఎంతుండాలో ఎవరు చెప్పగలరు? పైగా పిండి తగ్గించి పైపై రుచులతో ఎక్కువకి అమ్ముకునే సందు దొరుకుతుంది. అందుకని మామూలు రోజుల్లో వద్దన్నారు, జనం ఎలాగూ ఊరుకోని మూడు సందర్భాలకి వదిలేశారు. నా ఉద్దేశంలో ఇది మతాజ్ఞ కాదు, తూనికలు కొలతల శాఖ ఆజ్ఞ. ఆ పాత చట్టం 19వ శతాబ్దం దాకా బతికింది.

మరి జనం రహస్యంగా ఇంట్లో కాల్చుకున్నారన్న మాట? ఆజ్ఞ అమ్మకం గురించే మాట్లాడుతుంది, ఇంటి వంట జోలికి రాదు. ఇంట్లో చేసుకునేవాళ్ళు దాక్కోవలసిన అవసరమే లేదు. ఇంకో సంగతి, అప్పటి లండన్లో చాలా ఇళ్ళకి సొంత ఓవెన్ లేదు. పిండి ఇంట్లో కలిపి, కాల్చడానికి రొట్టెల అంగడికి పంపేవారు. సికింద్రాబాద్‌లో క్రిస్మస్ కేకు పిండి ఇంట్లో కలిపి బేకరీ భట్టీకి మోసుకెళ్ళిన కుటుంబాలకి ఇది వెంటనే అర్థమౌతుంది. నలుగురి భట్టీలో కాలే రొట్టెకి రహస్యం ఎక్కడిది?

ఈ తూకానికి రాని వస్తువులు రొట్టెలోకి ఎలా వచ్చాయో చూస్తే కథ లండన్ దాటుతుంది. అదే 1592 జనవరిలో లండన్ వర్తకులు రెండు పాత కంపెనీలని కలిపి లెవాంట్ కంపెనీగా అనుమతి పొందారు. వాళ్ళ ముఖ్యమైన సరుకుల్లో ఒకటి గ్రీసు దగ్గరి జాంటె ద్వీపంలో ఎండబెట్టిన సన్న ద్రాక్ష. ఆ ఆగస్టులో ఇంగ్లీషు నౌకలు అజోర్స్ దగ్గర మాద్రె ద దేవుస్ అనే పోర్చుగీసు ఓడని పట్టుకున్నాయి. ఇండియా నుంచి తిరిగివస్తున్న ఆ ఓడలో 400 టన్నులకి పైగా మిరియాలు, 45 టన్నుల లవంగాలు, 35 టన్నుల దాల్చినచెక్క, మూడేసి టన్నుల జాపత్రి, జాజికాయ ఉన్నాయంటారు. డార్ట్‌మత్ రేవులో దించేసరికి జనం ఎగబడి దోచుకుంటే ఆపడానికి జైల్లో ఉన్న వాల్టర్ రాలీని బయటికి తెచ్చి పంపాల్సివచ్చింది. ఆజ్ఞకీ ఓడకీ నేరుగా సంబంధం ఉందని నేననడం లేదు. మసాలా అంటే ఆ ఊళ్ళో ఎంత ఆశ ఉండేదో ఓడ చెబుతుంది, ఆ ఆశ రొట్టెలోకి దూరితే అధికారికి ఎంత తలనొప్పో ఆజ్ఞ చెబుతుంది.

ఎనిమిదేళ్ళకి, 1600లో, ఈస్టిండియా కంపెనీ పుట్టింది. దాని మొదటి గవర్నరు థామస్ స్మైత్ లెవాంట్ కంపెనీ మనిషే. వాళ్ళకి కావలసింది జాజికాయ, లవంగం, మిరియం. అవి దొరికే తూర్పు దీవుల్లో ఇంగ్లండు ఉన్ని బట్టలు ఎవరికి కావాలి? అక్కడ చెల్లేది కోరమాండల్ నూలు బట్ట. ఆ బట్ట కోసమే 1611లో గ్లోబ్ అనే ఓడ మన తీరానికి వచ్చి నిజాంపట్నంలో, మచిలీపట్నంలో వర్తక స్థావరాలు పెట్టింది. మచిలీపట్నం అప్పుడు గోల్కొండ రేవు. మహమ్మద్ కులీ కుతుబ్ షా చివరి రోజులవి. డచ్చివాళ్ళు అంతకు ముందే వచ్చి కూర్చున్నారు. తెలుగు నేతగాళ్ళు నేసిన, అద్దకంవాళ్ళు రంగులేసిన బట్టలు ఓడెక్కి బాంటెన్‌కి, ఇంకా తూర్పుకి వెళ్ళేవి. అక్కడి మసాలా దినుసులు యూరపుకి వెళ్ళేవి. తెలుగువాళ్ళకి ఈ బన్నుతో సంబంధం ఉందంటే అది కంటోన్మెంటు బేకరీలతో మొదలవలేదు, మగ్గం దగ్గర మొదలైంది. ఆ దారి చివర రక్తమూ ఉంది. 1621లో జాజికాయ పండే బందా దీవుల్ని డచ్చి కంపెనీ ఆక్రమించినప్పుడు అక్కడి జనంలో అత్యధికులు చనిపోవడమో, పారిపోవడమో, బానిసలుగా పోవడమో జరిగింది.

18వ శతాబ్దానికి బన్ను వీధిలోకి వచ్చేసింది. 1733 నాటి ఒక హాస్య పంచాంగంలో గుడ్ ఫ్రైడే నాడు వీటిని అమ్మే ముచ్చట కనిపిస్తుంది. సిలువ బన్ను ఆ పేరుతో దొరికే తొలి ప్రస్తావనల్లో అదొకటి. 1773 ఏప్రిల్ 9, గుడ్ ఫ్రైడే ఉదయం శామ్యూల్ జాన్సన్ ఇంట్లో టీ, క్రాస్ బన్నులు తిన్నానని బాస్వెల్ రాసుకున్నాడు. ఆ వాక్యంలోనే జాన్సన్ పరిచారకుడు ఫ్రాంక్ పేరు కూడా వస్తుంది. అతను ఫ్రాన్సిస్ బార్బర్, జమైకా చెరకు తోటల్లో బానిసగా పుట్టినవాడు. వెస్టిండీస్ బానిసల రాబోయే తిరుగుబాటు కోసం ఒకసారి ఆక్స్‌ఫర్డ్ పెద్దమనుషుల నడుమ గ్లాసెత్తిన జాన్సన్, చనిపోయేటప్పుడు ఆస్తిలో అధికభాగం బార్బర్‌కే రాశాడు. బన్నుని పెన్నీ ధరకి దించింది మాత్రం బార్బర్ పుట్టిన లాంటి తోటల చక్కెరే. ఆ పూట ఆ బల్ల మీద ఉన్నంత చరిత్ర ఏ దేవత కథలోనూ లేదు.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి ఈ చరిత్ర చేతికి తగులుతుంది. దాల్చినచెక్కలోని ఘాటు పదార్థం ఈస్టుని అణుస్తుంది. చక్కెర ఈస్టుకి అందాల్సిన నీళ్ళు లాక్కుంటుంది. వెన్న పిండిలో జిగురు సాగనివ్వదు. అంటే రుచినిచ్చే ప్రతిదీ పొంగుకి అడ్డమే. చట్టానికి లొంగనట్టే పిండికీ లొంగదు. అందుకే అర కిలో మైదాకి చక్కెర 75 గ్రాములు, వెన్న 50 గ్రాములు, దాల్చినచెక్క పొడి ఒక చెంచా దాటనివ్వను. ఎండుద్రాక్ష మొదటిసారి పొంగాక కలుపుతాను, లేకపోతే పిసికేటప్పుడు చితికిపోతుంది. మన ఏప్రిల్ ఎండలకి మొదటి పొంగు గంటలోపే వస్తుంది. సిలువ కోసం ఇప్పుడు మైదా, నీళ్ళు జారుగా కలిపి గీతలు గీస్తారు గానీ, పాతకాలంలో కత్తితో గాటు పెట్టేవారు. రొట్టె మీద అలా గాటు పెట్టడం ఈ ఒక్క బన్నుకే పరిమితం కాదు.

మా అత్తకి బీడ్ ఏం రాశాడో, హిస్లప్ ఎప్పటివాడో ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా వింది. “అయితే అందులో దేవతలెవ్వరు లేరంటవు” అంది. లేరన్నాను. “మరి ఎవరున్నరు?” అంది. ద్రాక్ష ఎండబెట్టినవాళ్ళు, బట్ట నేసినవాళ్ళు, బందా దీవులవాళ్ళు, చెరకు నరికినవాళ్ళు అని చెప్పాను. కాసేపాగి, ఈస్టు ఇప్పుడు ఎంతకమ్ముతున్నారని అడిగింది.

1592 నాటి ఆజ్ఞలో నాకు నచ్చిన మాట చివర్లో ఉంది. సన్యాసి కథకి ఆధారం దొరక్కపోయినా దాని ప్రాణం, పేదలకి రొట్టె పంచడం, ఈ ఎండు చట్టంలో శిక్ష రూపంలో ఉండిపోయింది. తూకానికి రాని రొట్టెని అధికారి పారెయ్యమనలేదు. లేనివాళ్ళకి ఇమ్మన్నాడు. ఇంటి వంటకి అధికారీ లేడు, తూకమూ లేదు. అర కిలో పిండికి పన్నెండు బన్నులొస్తాయి, ఏ ఇంట్లోనైనా అవి తినేవాళ్ళకంటే ఎక్కువే.