వారసత్వ నగల్లో కెంపు: గనిదా, కొలిమిదా?

కృత్రిమ కెంపు గాజురాయి కాదు. గనిలో దొరికే కెంపులాగే అదీ అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికమే. రెండింటికీ ఎరుపునిచ్చేది కొద్దిపాటి క్రోమియమే. మోహ్స్ కొలమానంలో కాఠిన్యం 9, సాపేక్ష సాంద్రత సుమారు 4.0, వక్రీభవన గుణకం 1.76–1.77. ఈ అంకెల్లో రెండింటికీ తేడా లేదు. అందువల్ల గుణాలను కొలిచి రాయి పుట్టుక చెప్పలేం. స్ఫటికం ఎలా పెరిగిందో తెలిపే గుర్తులు రాయి కడుపులోనే వెతకాలి.

"నాయనమ్మ కాలం నాటి నగ, జాతి కెంపు కాక మరేమవుతుంది?" అన్న ధీమాకు చరిత్రలో ఆధారం లేదు. 'జెనీవా కెంపులు' అనే కరిగించి చేసిన రాళ్ళు 1880ల మధ్యలోనే యూరప్ బజారుకు వచ్చాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఒగూస్త్ వెర్నూయ్ తన జ్వాలా పద్ధతిని 1902లో ప్రకటించాడు. 1907 నాటికే ఆ పద్ధతిలో ఏటా 1,000 కిలోల రాళ్ళు, అంటే 50 లక్షల క్యారెట్లు, తయారయ్యేవి. కాబట్టి 1920లలో చేయించిన పెళ్ళినగలో కృత్రిమ కెంపు ఉంటే వింతేమీ లేదు. నగ అంతకన్నా పాతదైనా, ఊడిపోయిన రాయి స్థానంలో కంసాలి తర్వాతెప్పుడో మరొకటి పొదిగి ఉండవచ్చు. కోస్తా జిల్లాల నుంచి బర్మాకు వలస వెళ్ళినవారి ఇళ్ళలో 'రంగూన్ కెంపు' మాట వినబడుతుంది. కెంపులు దొరికే మొగోక్ గనులు బర్మావే అయినా, కొలిమి రాళ్ళు అక్కడి బజారుకూ చేరాయి. ఇటు తిరుచిరాపల్లి కృత్రిమ రాళ్ళను సానపట్టే ఊరుగా పేరు పొందింది.

వెర్నూయ్ పద్ధతిలో మెత్తని అల్యూమినియం ఆక్సైడ్ పొడిని ఆక్సిజన్–హైడ్రోజన్ మంట గుండా కిందికి రాలుస్తారు. సుమారు 2,050 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన బొట్లు కింద ఉన్న పీఠం మీద పడి, పొర మీద పొరగా గడ్డకడతాయి. అలా పెరిగే ముద్ద నెత్తి గుండ్రంగా ఉంటుంది. ప్రతి పొరా ఆ వంపునే పుణికిపుచ్చుకుంటుంది. సానపట్టాక కూడా అవి గ్రామఫోన్ రికార్డు గాళ్ళలా సన్నని వంపు గీతలుగా మిగిలిపోతాయి. పొడి కరిగేటప్పుడు చిక్కుకున్న గాలి గుండ్రని బుడగలుగానో, తోక ఉన్న బుడగలుగానో కనిపిస్తుంది. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో, రాయిని పక్క నుంచి వెలుగుకు పట్టి, మెల్లగా తిప్పుతూ చూడాలి. నేరుగా పైనుంచి చూస్తే ఈ గీతలు తరచుగా తప్పించుకుంటాయి. వంపు గీతలు నిక్కచ్చిగా కనబడితే ఇక వాదన లేదు. ప్రకృతిలో కెంపు అలా పెరగదు.

గని కెంపులో రంగు పట్టీలు తిన్నగా, కోణాలు తిరిగి ఉంటాయి. రూటైల్ అనే ఖనిజపు సూదులు 60, 120 డిగ్రీల కోణాల్లో అల్లుకుని పట్టు మెరుపునిస్తాయి. మానిన పగుళ్ళు వేలిముద్రల్లా కనిపిస్తాయి. మచ్చ లేని పెద్ద రాళ్ళు, అన్నీ ఒకే ఛాయలో, హారం పొడుగునా ఉంటే సంతోషించే ముందు అనుమానించడం మేలు. అయితే మచ్చలున్నంత మాత్రాన గనిదని చెప్పడమూ తొందరపాటే. కృత్రిమ రాయిని వేడిచేసి చప్పున చల్లార్చి, కావాలని పగుళ్ళు పుట్టించే వ్యాపారులు ఉన్నారు.

పాలలో వేసి ఎరుపు చూడటం, గాజును గీయడం వంటి ఇంటి పరీక్షలు ఇక్కడ పనికిరావు. ఊదిన ఆవిరి త్వరగా ఆరిపోవడం గాజును వేరు చేయడానికి కొంత సాయపడుతుంది, అంతే. అతినీలలోహిత దీపం కింద ఎర్రగా వెలగడమూ రుజువు కాదు. బర్మా కెంపులూ, కొలిమి కెంపులూ రెండూ వెలుగుతాయి. ఇనుము ఎక్కువున్న థాయ్ కెంపు సహజమైనదే అయినా మసకగానే ఉంటుంది.

పాత దక్షిణాది నగల్లో అసలు చిక్కు రాయిది కాదు, పొదుగుడుది. అడుగున రేకు, లక్క పెట్టి బంగారంతో మూసేస్తే వెలుగు రాయి గుండా ప్రసరించదు. రంగు రేకు ఉంటే వెలిసిన రాయి కూడా ఎర్రగా కనబడుతుంది. పైన గార్నెట్ పలక, కింద రంగు గాజు అతికించిన జోడు రాళ్ళు 19వ శతాబ్దంలో బాగా చెలామణి అయ్యాయి. వాటి అతుకు కూడా బంగారపు అంచు కింద దాగిపోతుంది.

ద్రావకంలో నెమ్మదిగా పెంచే మరో రకం కృత్రిమ కెంపులు 20వ శతాబ్దపు రెండో సగంలో బజారుకెక్కాయి. వాటిలో వంపు గీతలు ఉండవు. లోపల మిగిలిన ద్రావకపు తెరలు సహజ రాయి వేలిముద్రలను పోలి ఉండటంతో అనుభవజ్ఞులు కూడా తడబడతారు. అటువంటప్పుడు సూక్ష్మదర్శినితో పాటు వర్ణపట విశ్లేషణ, సూక్ష్మ మూలకాల పరీక్ష ఉన్న ప్రయోగశాలకే పంపాలి. జైపూర్, ముంబయిల్లో అలాంటివి ఉన్నాయి. విడి రాయికి ఇచ్చే నివేదికంత కచ్చితంగా, మూసి పొదిగిన రాయికి ఇవ్వడం కుదరదు. రాయి తీయిస్తే పాత పనితనం చెడుతుంది కాబట్టి, అమ్మే ఉద్దేశం లేనివారు నగను కదపకపోవడమే మంచిది. అమ్మదలచినవారు ఒక్క రాయితో సరిపెట్టుకోకూడదు. ఒకే నగలో గని రాళ్ళూ, కొలిమి రాళ్ళూ పక్కపక్కనే ఉండవచ్చు.