ఆరుబయట గినీ పందుల పెంపకం

గినీ పంది (శాస్త్రీయ నామం: కేవియా పోర్సెల్లస్) దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో మచ్చికైన శాకాహార జంతువు. పేరులో పంది ఉన్నప్పటికీ ఇది ఎలుక, ఉడుతల వర్గానికి చెందినది.

'''ఎండ''': తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో దీనికి ముఖ్య శత్రువు ఎండ. 18 నుండి 24 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత దీనికి అనుకూలం. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఈ జంతువు చెమట ద్వారా ఒంటివేడిని తగ్గించుకోలేదు, కనుక వేసవి పగళ్ళలో బయట ఉంచరాదు. ఉదయం నీడలో ఉన్న గూడు మధ్యాహ్నానికి ఎండలో పడవచ్చు. రేకుల కప్పు నీడనిచ్చినా లోపల సెగ పుట్టిస్తుంది. జంతువు సోలిపోయి, రొప్పుతూ చొంగ కార్చుచున్నచో చల్లని చోటికి మార్చి, ఒంటిని మామూలు నీటితో తడిపి (ఐసు నీరు కూడదు), వెంటనే పశువైద్యునికి చూపాలి. 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉన్నది.

'''రక్షణ''': కుక్క, పిల్లి, ముంగిస, పాము చొరబడకుండా గూటికి అన్నివైపులా సన్నకన్నుల ఇనుప వల బిగించాలి. రాత్రి ఇంటిలోనికి తేవడమే మేలు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య ఋతుపవన వర్షాలలో పరచిన గడ్డి తడిస్తే వెంటనే మార్చాలి.

'''ఆహారం''': గరిక శ్రేష్ఠం, అయితే పురుగుమందు చల్లిన పొలం గట్లది పెట్టరాదు. మనుషులలాగే గినీ పంది శరీరం విటమిన్ సి తయారుచేసుకోలేదు. అందుచేత రోజూ కొత్తిమీర వంటి పచ్చి ఆకు, అప్పుడప్పుడు చిన్న జామముక్క ఇవ్వాలి.