పాముల్లేని వైకుంఠపాళి

"గ్రైండింగ్" అనగానే మనలాంటివాళ్ళకి ముందు గుర్తొచ్చేది వంటింటి మూల నిలబడి రొద పెట్టే గ్రైండరు. ఇంకాస్త వెనక్కి వెళితే పెరటి వసారాలో రుబ్బురోలు, దాని ముందు పీట వేసుకు కూర్చున్న అమ్మమ్మ. కానీ ఈ కాలపు పిల్లవాడు "ఇవాళ రెండు గంటలు గ్రైండింగ్ చేశానమ్మా" అన్నాడంటే, ఇంట్లో మినప్పప్పు నానబోశారని కాదు సుమండీ! ఫోనులోనో కంప్యూటరులోనో ఏదో అడవిలో పడి తిరుగుతూ, చంపిన దయ్యాన్నే మళ్ళీ మళ్ళీ చంపుతూ కూర్చున్నాడని అర్థం.

ఈ ఆటల్ని రోల్ ప్లేయింగ్ గేములంటారు. ఆడేవాడే కథానాయకుడి వేషం కడతాడు. మొదట్లో చేతిలో ఒక కర్ర తప్ప ఏమీ ఉండదు. చిన్న పురుగునో, పిల్లదయ్యాన్నో కొడితే కాసిని "అనుభవం" మార్కులు వస్తాయి. నిజంగానే వాటి పేరు అదే! అవి కొన్ని పోగుపడితే ఒక మెట్టు పైకెక్కుతాడు. దాన్నే లెవెల్ అంటారు. మెట్టెక్కినకొద్దీ బలం పెరుగుతుంది, దెబ్బకి ఓర్చుకునే శక్తి పెరుగుతుంది. కోటలో కూర్చున్న పెద్ద రాక్షసుడి దగ్గరికి మొదటి మెట్టు మీద ఉండగానే వెళితే ఒక్క ఊదుకి ఎగిరిపోతాడు. అందుకని ఊరి పొలిమేరలోనే గిరగిరా తిరుగుతూ చిల్లర దయ్యాలను కొట్టి కొట్టి బలం కూడగట్టుకోవాలి. ఆ కొట్టుడే గ్రైండింగ్. మన జానపద సినిమాల్లో అయితే ఈ భాగమంతా ఒక్క పాటలో తేలిపోతుంది. వీళ్ళు ఆ పాటనే నెలలకొద్దీ పాడతారు.

చూసేవాళ్ళకి ఇదంతా వెర్రిగా ఉంటుంది గానీ, మెట్టు మెట్టుగా ఎక్కే ఆట మన ఇళ్ళకి కొత్తదేమీ కాదు. వైకుంఠపాళి ఎరగని తెలుగిల్లు ఉందా? పరమపద సోపాన పటం అని దానికో గౌరవమైన పేరు కూడా ఉంది.

అవనిగడ్డ వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో ముక్కోటి ఏకాదశికీ, శివరాత్రికీ ఆ పటం అటక మీంచి దిగేది. ఎప్పుడో తిరనాళ్ళలో కొన్న రంగుల కాగితం. మడతల దగ్గర చిరిగితే వెనకనించి మైదా జిగురుతో అతుకులు. ఇక పాచికలెక్కడివి! చింతపిక్కల్ని ఒక పక్క గచ్చు మీద అరగదీస్తే తెల్లగా తేలతాయి. గుప్పిట్లో గలగలలాడించి విసిరితే ఎన్ని తెల్లవి పైకి పడితే అంత పందెం. (ఆలోచిస్తే అదీ ఒకరకం గ్రైండింగే.) పావులంటారా, విరిగిన గాజుముక్కలూ, చొక్కా బొత్తాలూను.

అడుగు వరసల్లో జంతువులు, నడుమ మంచీ చెడూ గుణాలు, పైన దేవతల లోకాలు. భక్తి, జ్ఞానం, వైరాగ్యం లాంటివాటి దగ్గర నిచ్చెనలు. అహంకారం లాంటివాటి దగ్గర పాములు. అన్నీ దాటుకుని, ఇంకో నాలుగు గళ్ళు పోతే వైకుంఠమే అనుకునేటప్పటికి పెద్దపాము నోరు తెరుచుకుని ఉండేది. మా పటంలో దాని పేరు అరుకాషుడు. ఆ నోట్లో పడ్డామా, ఎక్కిందంతా పోయి మళ్ళీ అడుగు వరసే. పెళ్ళీడొచ్చిన మా చిన్నపిన్ని కూడా అక్కడ పడ్డప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

ఆ ఆట ఎందుకంతసేపు సాగేదో నాకు పెద్దయ్యాక గాని తట్టలేదు. అది జాగారం ఆట! రాత్రంతా రెప్ప వాలకూడదు. గంటలో తెమిలిపోయే ఆటయితే పది కొట్టేసరికి అందరూ ఆవులింతలే. పాములు అన్ని ఉంటేనే తెల్లవారుతుంది. పైగా ఉపవాసం కాబట్టి పొయ్యి వెలిగించే పని లేదు. ఇంటి ఆడవాళ్ళు తెల్లవార్లూ కూర్చుని ఆడుకుంటున్నా ఎవరూ పల్లెత్తు మాటనని రాత్రులు ఏడాదికి ఆ రెండే. "తొందరేమిటే? తెల్లారేదాకా వైకుంఠం ఎక్కడికీ పోదు" అనేది అమ్మమ్మ. ఆ ఆట అంత నెమ్మదిగా నడవడంలో ఆవిడకో లాభం ఉంది.

ఈ పటం ఒక్క మన సొత్తే కాదు. ఉత్తరాదిని దీని అక్కచెల్లెళ్ళను జ్ఞాన చౌపర్ అంటారు. జైనులది ఒకటి, వైష్ణవులది ఒకటి, సూఫీలది మరొకటి. 72 గళ్ళవి ఉన్నాయి, 84 గళ్ళవి ఉన్నాయి. 18వ శతాబ్దంలో గీసిన పటాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. దీన్ని కనిపెట్టింది తమ జ్ఞానేశ్వరుడేనని మరాఠీవాళ్ళు చెప్పుకుంటారు. 1890ల నాటికి ఈ ఆట ఇంగ్లండు చేరింది. దొరలు మోక్షాన్ని తీసేసి, పొదుపుగా ఉంటే సాఫల్యం, బద్ధకిస్తే దరిద్రం అని తమకు నచ్చిన నీతులు రాసుకున్నారు. మన పటాల్లో నిచ్చెనల కంటే పాములెక్కువ. వాళ్ళు పోనుపోనూ రెండూ సమానం చేసేశారు. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీవారు పాములనే తీసిపారేసి వాటి స్థానంలో జారుడుబల్లలు పెట్టారు. పాము లేని వైకుంఠపాళి ఉప్పులేని పప్పని నా అభిప్రాయం. సరే, ఎవరి రుచి వారిది.

మన పిల్లలాడే ఆటలు మాత్రం ఈ వంశంలోవి కావు. వాటి పుట్టిల్లు వేరు. సీసపు సిపాయిల బొమ్మలతో యుద్ధాలాడుకునే పెద్దవాళ్ళు అమెరికాలో ఉండేవారు. వాళ్ళలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిలు, పాచికలు పెట్టుకుని కథ చెప్పుకుంటూ ఆడే ఆట. అనుభవం మార్కులు, లెవెళ్ళు ఇందులోవే. 1981లో అల్టిమా, విజార్డ్రీ అనే ఆటలు ఈ పద్ధతిని ఇళ్ళలోని కంప్యూటర్లకి తెచ్చాయి. వాటిని చూసి ముచ్చటపడ్డ యూజీ హోరీ అనే జపాను యువకుడు 1986 మే నెలలో డ్రాగన్ క్వెస్ట్ అనే ఆట చేశాడు.

ఈ ఆట సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అందులో మొదట ఎదురయ్యేది స్లైమ్ అనే నీలంరంగు నీటిబొట్టు లాంటి జీవి. చూస్తే కొట్టబుద్ధి కాదు, అంత ముద్దుగా నవ్వుతూ ఉంటుంది. దాన్ని కొడితే వచ్చేది ఒకే ఒక్క మార్కు. రెండో మెట్టెక్కాలంటే 7 కావాలి. అంటే ఏడు స్లైముల్ని కొట్టాలన్నమాట. అలా 30 మెట్లు. పైకి వెళ్ళినకొద్దీ మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. ఆ ఆట పట్టిన క్యాసెట్టులో చోటు 64 కిలోబైట్లు. ఇప్పుడు మనం ఫోనులో పంపుకునే ఒక పెళ్ళిఫొటో అంతకు ఎన్నో రెట్లుంటుంది! అంత చిన్న డబ్బాలో ఇమిడ్చిన లోకాన్ని పిల్లలు వారాల తరబడి ఆడారంటే ఈ రుబ్బుడు పుణ్యమే. గుప్పెడు పప్పు రుబ్బి గంగాళం నింపినట్టు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. అప్పటిదాకా వీడియో గేములంటే చేతివాటం ఆటలు. వేళ్ళు చురుగ్గా కదిలిన వాడిదే గెలుపు. డ్రాగన్ క్వెస్టులో ఆ బెడద లేదు. నెమ్మదస్తుడు కూడా ఓపిగ్గా తిరిగితే బలం దానంతటదే పెరుగుతుంది, చివరికి కోట చేరతాడు. ఓడిపోతే ఏమవుతుందో తెలుసా? రాజుగారి ముందు మళ్ళీ లేస్తాడు. మూటలో బంగారం సగం పోతుంది. కాని సంపాదించిన అనుభవం మాత్రం ఒక్క మార్కు కూడా పోదు. ఎక్కిన మెట్టు ఎక్కినట్టే ఉంటుంది.

ఇది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను. మన పటంలో అరుకాషుడు మింగేది సరిగ్గా దీన్నే కదా!

జపాను పిల్లలకి ఆ ఆట మీద వ్యామోహం ఎంతదాకా వెళ్ళిందంటే, 1988 ఫిబ్రవరి 10, బుధవారంనాడు మూడో భాగం విడుదలైతే బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు నిలబడ్డ పిల్లల్ని పోలీసులు పట్టుకున్నారు. 1990లో నాలుగో భాగాన్ని బుద్ధిగా ఆదివారంనాడు విడుదల చేశారు.

మనకి ఆ రోజుల్లో ఇవేవీ రాలేదు. 1990లలో బీసెంట్ రోడ్డు దుకాణాల్లో దొరికిన వీడియో గేములు నకలు సరుకు. క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసి ఉండేది, లోపల ఉండేవి పట్టుమని పది. అవన్నీ మారియో, కాంట్రా లాంటి చేతివాటం ఆటలే. మెట్లెక్కే ఆటలు మన పిల్లల్ని పట్టుకున్నది తరవాత, ఇంటర్నెట్ సెంటర్లు, ఆపైన ఫోన్లు వచ్చాక.

అయితే మనకి గ్రైండింగ్ ముందునించీ తెలుసు. డ్రాగన్ క్వెస్ట్ పుట్టిన 1986లోనే మన రాష్ట్రంలో ఎంసెట్ మొదలైంది. ఆ తరవాత విజయవాడ చుట్టుపక్కల హాస్టళ్ళతో వెలిసిన కాలేజీల సంగతి మీకు నేను చెప్పాలా? తెల్లవారుజామున లేపితే రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, గోడకి అంటించిన మార్కులు. ఇచ్చిన లెక్కనే వందసార్లు చేయించడాన్ని పిల్లలు "రుద్దుడు" అంటారు. తెలుగులో గ్రైండింగుకి ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. 2021 నించి మన ఆంధ్రాలో ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్ అయింది. రుద్దుడు రుద్దుడుగానే ఉంది.

కాని ఈ రుద్దుడికీ ఆ రుద్దుడికీ పెద్ద తేడా ఉంది. ర్యాంకు అనేది మన మెట్టు ఒక్కటే చూడదు, పక్కవాళ్ళ మెట్టు కూడా చూస్తుంది. మనవాడు పది మార్కులు ఎక్కువ తెచ్చుకున్నా, మిగతావాళ్ళు పదిహేను తెచ్చుకుంటే కిందికి దిగిపోతాడు. ఏ తప్పూ చెయ్యకుండా పాము నోట్లో పడ్డమాట. మా అబ్బాయి ఇంటరు చదివే రోజుల్లో ఆదివారం ఇంటికొచ్చి, ఆ కాసిని గంటలూ ఫోనులో దయ్యాలను కొడుతుంటే నాకు ఒళ్ళు మండేది. "వారమంతా రుద్దింది చాలక ఇక్కడ కూడానా? విసుగెయ్యదట్రా?" అని అడిగితే, "ఇందులో ఎంత కొడితే అంతా కనిపిస్తుందమ్మా" అన్నాడు తలెత్తకుండానే. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఫోను లాక్కోవాలని చాచిన చేత్తో వాడి తల నిమిరి లోపలికి వెళ్ళాను.

అయితే ఈ ఫోను ఆటల్ని నేను పూర్తిగా నమ్మను. వీటిలో చాలావాటికి నెమ్మదితనం ఒక వ్యాపారం. 2012లో వచ్చిన క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆటలో పెద్దకట్టడం ఒకటి లేవాలంటే రోజులు ఆగాలి. ఆకుపచ్చ రత్నాలు ఖర్చు పెడితే క్షణంలో లేస్తుంది. ఆ రత్నాలు డబ్బుకి దొరుకుతాయి. నెమ్మదిగా నడిపించేదీ వాళ్ళే, తొందర అమ్మేదీ వాళ్ళే! అంతకు ముందే, 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో ఇంకో విచిత్రం జరిగింది. చైనాలో కుర్రాళ్ళు షిఫ్టుల్లో కూర్చుని ఆటలోని బంగారం పోగుచేస్తే, ఎక్కడో ఉన్న కలిగినవాళ్ళు దాన్ని నిజం డబ్బుపెట్టి కొనుక్కునేవారు. డెల్టాలో ఎకరాకి ఇంతని మాట్లాడుకుని నాట్లు వేసే కూలీల్లాగే, వీళ్ళు ఇంకొకళ్ళ ఆటని కూలికి ఆడారు.

కిందటి ముక్కోటికి మా అమ్మ ఊరినించి ఆ పాత పటం పట్టుకొచ్చింది. చింతపిక్కలు కూడా అవే. మావాడు మొదట్లో మొహమాటానికి కూర్చున్నాడు. పన్నెండు దాటాక అరుకాషుడి నోట్లో పడ్డాడు. "మళ్ళీ మొదటినించా? కనీసం సగమైనా మిగలదా అమ్మమ్మా?" అని నోరు వెళ్ళబెట్టాడు. మా అమ్మ అప్పటికి రెండుసార్లు పడి లేచింది. "ఇంకా బోలెడు రాత్రుంది, నీ పిక్కలు నువ్వు వెయ్యరా" అంది. వాడు ఫోను బోర్లించి పక్కన పెట్టి, పిక్కలు గుప్పిట పట్టాడు.