జుక్కల్ భూమి లెక్కలు: రెండో ప్రతి చరిత్ర

తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు కలిసే ప్రాంతంలో ఉన్న జుక్కల్ నేడు కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లోని ఒక మండల కేంద్రం. అయితే 1956 నవంబరు 1కి ముందు అది హైదరాబాద్ రాష్ట్రంలోని నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో భాగం. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను పేరు పెట్టి మరీ ఆ తాలూకా నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలపగా, దెగ్లూర్ పట్టణం తక్కిన గ్రామాలతో సహా బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. సర్కిల్ అంటే గిర్దావరు అనే రెవెన్యూ ఉద్యోగి పర్యవేక్షణలో ఉండే గ్రామాల సముదాయం. ఆ తర్వాత జుక్కల్ నిజామాబాద్ జిల్లా మద్నూర్ తాలూకా కిందకు వచ్చింది, 1985లో మండలాలు ఏర్పడినప్పుడు తానే మండలమైంది, 2016 అక్టోబరు 11న కొత్త కామారెడ్డి జిల్లాలో చేరింది. పొలం గట్లు ఉన్నచోటే ఉన్నా వాటి లెక్కలు చూసే కచేరీ ఇన్నిసార్లు మారిన ఊరు కాబట్టి, ఒక రికార్డుకు రెండో ప్రతి ఎందుకు అవసరమో, అది ఎక్కడ, ఎవరి చేతిలో ఉండాలో తెలుసుకోవడానికి జుక్కల్ చరిత్ర బాగా పనికివస్తుంది. నేడు నెట్‌వర్క్ స్టోరేజ్ పరికరాల మధ్య జరిగే బ్యాకప్ కూడా ఈ పాత అవసరానికే కొత్త ఏర్పాటు.

నిజాం రాజ్యంలో భూమి రికార్డులకు స్థిరమైన రూపం మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, అంటే 1853 నుంచి 1883 వరకు జరిగిన సంస్కరణలతో మొదలైంది. 1865లో జిల్లాల వ్యవస్థ ఏర్పడి, తర్వాతి దశాబ్దాల్లో బొంబాయి పద్ధతిని అనుసరించి సర్వే, బందోబస్తు జరగడంతో ప్రతి కమతానికీ సర్వే నంబరు వచ్చింది. ఆ నంబర్లు, విస్తీర్ణాలు, శిస్తు, పట్టాదారు పేర్లతో తయారైన మూల పత్రమే సేత్వార్. 1317 ఫసలీలో వచ్చిన భూమి శిస్తు చట్టం ఈ వ్యవస్థకు చట్టబద్ధమైన పునాది వేసింది. ఫసలీ అనేది పంటల లెక్కను బట్టి నడిచే సంవత్సరం; దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది.

సేత్వార్ మూలమైతే, ఏటేటా దాని ఆధారంగా గ్రామ లెక్కలు చూసే పట్వారీ రాసే పత్రం పహాణీ. అందులో ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో వరుస ఉండి, విస్తీర్ణం, ఖుష్కీయో (మెట్ట) తరీయో (మాగాణి), పట్టాదారు ఎవరు, నిజంగా సాగు చేస్తున్న అనుభవదారు ఎవరు, ఏ పంట వేశారు అన్న వివరాలు ఒకదాని పక్కన ఒకటి గడుల్లో నిండేవి. పట్వారీ రాసినదాన్ని గిర్దావరు పొలం గట్టున నిలబడి సరిచూడడాన్ని అజమాయిషీ అనేవారు. ఇలా సరిచూసిన లెక్కలు ఏటా జమాబందీ (శిస్తు లెక్కల ఖరారు) సమయంలో తాలూకా కచేరీలో పరిశీలనకు వచ్చేవి. గ్రామంలో ఒక ప్రతి, దానితో పోల్చి చూడదగిన లెక్క పై కచేరీలో మరొకటి, రెంటికీ మధ్య తనిఖీ అన్న ఈ మూడు అంశాలు ఆ రోజుల్లోనే ఒక చోట చేరాయి. అంతకన్నా విలువైన గుణం మరొకటి ఉంది: కొత్త సంవత్సరపు పహాణీ పాతదాన్ని చెరిపివేయదు, దాని పక్కన చేరుతుంది. అందువల్ల ఒక పేరు ఏ ఏడు మారిందో, ఆ మార్పుకు ముందు ఎవరి పేరు ఉందో వెనక్కి వెళ్లి చూడవచ్చు. భూమి వ్యాజ్యాల్లో ఈనాటికీ న్యాయవాదులు దశాబ్దాల నాటి పహాణీ నకళ్లు అడగడానికి కారణం ఇదే.

ఈ పరంపరలో 1954–55 నాటి ఖాస్రా పహాణీకి ప్రత్యేక స్థానం ఉంది. 1358 ఫసలీ నాటి హక్కుల రికార్డు నిబంధనల వెలుగులో, జాగీర్ల రద్దు తర్వాత, ఎవరి భూమి ఎవరి స్వాధీనంలో ఉందో గ్రామగ్రామాన నమోదు చేసిన పత్రమిది. తెలంగాణలోనూ, నాందేడ్ జిల్లా ఉన్న మరాఠ్వాడాలోనూ దాన్ని మూలాధారంగా చూస్తారు. జుక్కల్ విషయంలో గమనించవలసిన సంగతేమంటే, ఆ పత్రం తయారైన నాటికి ఈ గ్రామాలు దెగ్లూర్ తాలూకాలోనే ఉన్నాయి. రాసిన రెండేళ్లకే తాలూకా ఒక రాష్ట్రంలో, సర్కిల్ మరో రాష్ట్రంలో అయ్యాయి. నిజామాబాద్ జిల్లాలో మొదటినుంచీ ఉన్న గ్రామానికి లేని ఇబ్బంది ఇక్కడ ఎదురయ్యేది ఇందువల్లనే: మూలం కోసం వెనక్కి వెళ్లేవారు పాత తాలూకా పేరు, పాత జిల్లా పేరు తెలిసి వెళ్లాలి.

ఈ వ్యవస్థలోని బలహీనత గ్రామ ప్రతి దగ్గర ఉండేది. పట్వారీ పదవి వంశపారంపర్యం కావడంతో దస్తరం, అంటే గుడ్డలో మూటగట్టిన లెక్కల కట్ట, అతని ఇంట్లోనే ఉండేది. రాసేవాడు, దాచేవాడు, నకలు ఇచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ ప్రతికి స్వతంత్రమైన విలువ తగ్గిపోతుంది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. 2020 సెప్టెంబరు 7న తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ అధికారుల నుంచి రికార్డులన్నీ ఆ రోజే స్వాధీనం చేసుకోవాలని కలెక్టర్లను ఆదేశించింది. ముప్ఫై ఆరేళ్ల దూరంలో ఉన్న ఈ రెండు నిర్ణయాల వెనుక రాజకీయ కారణాలు వేర్వేరు కావచ్చు గాని, రికార్డు ఒక వ్యక్తి చేతిలో ఉండిపోవడం ప్రమాదమన్న గుర్తింపు రెంటిలోనూ ఉంది.

రిజిస్ట్రేషన్ చట్టం ఈ సమస్యను మరింత స్పష్టంగా ఆలోచించింది. 1908 నాటి ఆ చట్టం ప్రకారం, ఒక దస్తావేజులోని ఆస్తి వేరే సబ్‌రిజిస్ట్రార్ పరిధిలో కూడా ఉంటే, రిజిస్టరు చేసిన అధికారి దాని సారాంశాన్ని ఆ కార్యాలయానికి పంపాలి, ఆస్తి వేరే జిల్లాలో ఉంటే దస్తావేజు నకలునే అక్కడి రిజిస్ట్రారుకు పంపాలి. ఒక నిల్వ కేంద్రంలో నమోదైనది తనంతట తానుగా మరో కేంద్రానికి చేరాలన్న నియమం కంప్యూటర్లకు ఎంతో ముందే చట్టంలోకి ఎక్కిందన్నమాట. చేతిరాతతో సంపుటాల్లోకి ఎక్కించే ఆ పని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో మొదలైన ‘కార్డ్’ పథకంతో కంప్యూటర్లకు మారింది. తెలంగాణలో వ్యవసాయ భూముల రికార్డులు 2020 అక్టోబరు 29న ధరణి అనే పోర్టల్‌లోకి, 2025 ఏప్రిల్ 14న భూభారతిలోకి వచ్చాయి.

ఇలా కంప్యూటర్లలోకి చేరిన రికార్డులకూ రెండో ప్రతి కావాలి. నెట్‌వర్క్ స్టోరేజ్ పరికరం, వాడుకలో నాస్, అంటే అనేక డిస్కులు అమర్చి కార్యాలయపు నెట్‌వర్క్‌కు కలిపిన ఒక పెట్టె. అక్కడి కంప్యూటర్లన్నీ ఫైళ్లను అందులోనే దాస్తాయి. ఒక డిస్కు చెడితే సమాచారం పోకుండా పలు డిస్కులకు పంచి రాసే రెయిడ్ పద్ధతిని 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ వివరించారు. అయితే రెయిడ్ డిస్కు నాశనం నుంచి కాపాడుతుంది గాని, పెట్టె ఉన్న గదికే నిప్పంటుకుంటే కాపాడదు. అందుకే ఒక పెట్టెలోనిది దూరాన ఉన్న మరో పెట్టెకు పంపవలసి వచ్చింది. ఈ పనికి నేటికీ విస్తారంగా వాడే ఆర్‌సింక్‌ను 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ రూపొందించారు. పాత ప్రతి ఉన్న పెట్టె తన ఫైలును చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కకు ఒక తనిఖీ సంఖ్యను లెక్కగట్టి పంపుతుంది. కొత్త ప్రతి ఉన్న పెట్టె వాటితో తన ముక్కలను పోల్చి, తేడా ఉన్న భాగాన్ని మాత్రమే పంపిస్తుంది. గిర్దావరు చేసిన అజమాయిషీని యంత్రం ప్రతి ముక్కకూ చేస్తుందన్నమాట. ఒక్క తేడా మాత్రం మరువరాదు: గిర్దావరు కాగితాన్ని పొలంతో పోల్చేవాడు, యంత్రం ప్రతిని ప్రతితోనే పోలుస్తుంది. మూలంలో తప్పు ఉంటే ఆ తప్పు నిక్కచ్చిగా రెండో పెట్టెకూ చేరుతుంది.

అద్దంలా ఎప్పటికప్పుడు సమానం చేసుకునే ప్రతి ఒకటి ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదని చెప్పడానికి ఇదే ఆధారం. మొదటి పెట్టెలో ఎవరైనా ఒక పేరు మార్చినా, ఒక ఫైలు తొలగించినా అది రెండో పెట్టెలోనూ జరిగిపోతుంది. తేదీల వారీగా పాత స్థితిని మార్చరాని విధంగా నిలిపి ఉంచే స్నాప్‌షాట్లు ఉన్నప్పుడే వెనక్కి వెళ్లే దారి ఉంటుంది. పహాణీల వరుస గ్రామానికి ఇచ్చింది ఈ దారినే. దూరం విషయంలో ఇటీవలి హెచ్చరిక దక్షిణ కొరియాది: 2025 సెప్టెంబరు 26న దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీల మంట వ్యాపించినప్పుడు, ఉద్యోగులు పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్ అనే నిల్వ, సుమారు 858 టెరాబైట్లు, బయట మరో ప్రతి లేనందువల్ల నాశనమైంది. సాంకేతికంగా ముందున్న దేశమే రెండో ప్రతిని వేరే చోట ఉంచనందుకు ఇంత మూల్యం చెల్లించింది.

రెండో ప్రతి విలువ జుక్కల్ పక్కనున్న మహారాష్ట్ర సరిహద్దుకు ఆవలి వైపున కూడా రుజువైంది. మరాఠ్వాడా మరాఠాలకు కుణబీ కుల ధ్రువీకరణల కోసం 2023లో మహారాష్ట్ర ప్రభుత్వం నియమించిన విశ్రాంత న్యాయమూర్తి సందీప్ షిండే కమిటీ నిజాం కాలపు పత్రాల కోసం హైదరాబాద్ రావలసి వచ్చింది. నాందేడ్ జిల్లా ప్రజల హక్కులకు ఆధారం తెలంగాణ రాజధానిలో ఉన్నట్టే, జుక్కల్ రైతు హక్కుకు ఆధారం దెగ్లూర్ దస్తరాల్లో ఉండవచ్చు. కనుక రెండు రాష్ట్రాల రెవెన్యూ శాఖలూ 1956కు పూర్వపు సేత్వార్, ఖాస్రా, పహాణీ పత్రాలను కలిసి స్కాన్ చేసి, తేదీతో ముద్రవేసిన ప్రతులను కామారెడ్డిలో ఒకటి, నాందేడ్‌లో ఒకటి భద్రపరచాలి. ఏడాదికొకసారి ఒక గ్రామపు రికార్డును రెండో ప్రతి నుంచి పూర్తిగా తిరిగి తీసి, మూలంతో పోల్చి చూడాలి. పట్టాదారులు కూడా తమ సర్వే నంబరుకు సంబంధించిన ఖాస్రా పహాణీ ధ్రువీకృత నకలును ఇప్పుడే తీసుకొని దగ్గర ఉంచుకోవడం మంచిది.