ఊపిరి అక్కర్లేని నాగస్వరం

పెళ్లి ఊరేగింపులో బ్యాండువాళ్లు ఆ పాట ఎత్తుకుంటే చాలు, ఒకరు రుమాలు కొస నోట కరిచి పాములవాడైపోతారు, ఇంకొకరు రోడ్డు మీద దొర్లుతూ పామైపోతారు. ఆ వరస 1954 నాటి హిందీ చిత్రం 'నాగిన్'ది. సంగీతం హేమంత్ కుమార్, అంటే కోల్‌కతా వాళ్ల హేమంత ముఖర్జీ. అందులో వినిపించేది పాములవాడి నిజం బూర కాదు. ఆయన సహాయకులు కల్యాణ్‌జీ క్లావియోలిన్ మీద, రవి హార్మోనియం మీద పుట్టించిన నాదం అది.

క్లావియోలిన్‌ని 1947లో ఫ్రాన్స్‌లో కాన్‌స్టాన్ మార్టిన్ తయారుచేశాడు. మెట్లు హార్మోనియంలాగే ఉంటాయి, లోపల తీగ లేదు, రీడు లేదు, తిత్తి లేదు. ఉన్నవి వాల్వులు, కెపాసిటర్లు, రెసిస్టర్లు. కెపాసిటర్ నిండుతుంది, ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. ఈ ఊగిసలాట సెకనుకు 440 సార్లు జరిగితే స్పీకరులో ఒక స్వరం. దాన్ని సగానికి, 220కి దించితే అదే స్వరం కింది స్థాయిలో పలుకుతుంది. మెట్టు నొక్కినప్పుడల్లా మారేది ఈ వేగమే.

మరి బూరలా ఎందుకు వినిపించింది? బూర సొరబుర్రలోని రీడులాగే ఈ ఊగిసలాట సర్క్యూట్, అంటే ఆసిలేటర్ కూడా అసలు స్వరంతో పాటు దాని పై స్వరాలను గుత్తులుగా పలికిస్తుంది. పాములవాడు బుగ్గల్లో గాలి నిలిపి ముక్కుతో ఊపిరి తీసుకుంటాడు, నాదం తెగదు. ఆసిలేటర్‌కైతే ఊపిరే అక్కర్లేదు. ఆ సంగీతకారుల చెవికి అందిన పోలిక ఇదేనని నా నమ్మకం.

క్లావియోలిన్ కుటుంబంలోదే ఇంగ్లండులో జెన్నింగ్స్ కంపెనీ చేసిన యూనివాక్స్. కోల్‌కతాలో దాని పేరు చెబితే గుర్తుకొచ్చేది వి. బల్సారా. బొంబాయిలో పుట్టిన ఈ పార్సీ కళాకారుడు 1954లో కోల్‌కతా చేరి, 2005లో కన్నుమూసేదాకా ఆ నగరం మనిషిగానే ఉండిపోయారు. పియానో, హార్మోనియం, మెలోడికాలతో పాటు యూనివాక్స్‌ని కూడా బెంగాలీ పాటకు అలవాటు చేశారు.

ఈ వాద్యాలు ఒకసారికి ఒక్క స్వరమే పలకడం పాశ్చాత్యులకు కొరతే కావచ్చు, రాగం పాడుకునే మనకు కాదు. అసలు కష్టం గమకం దగ్గర. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారుడు లేదు. స్వరాన్ని వణికించే మరో చిన్న ఆసిలేటర్, మోకాలితో నెట్టి నాదాన్ని పెంచి తగ్గించే మీట, ఈ రెండే వాయించేవాడికి ఆసరా. పైగా వాల్వులు వేడెక్కేకొద్దీ శ్రుతి జరుగుతుంది. కాసేపు ముందే స్విచ్ వేసి, వేడి కుదిరాక, పక్కన మీటే తంబురా విని శ్రుతి కలుపుకోవాలి.