వాల్వు నిద్ర యెరుగదు

హైదరాబాదులోని దక్కను రేడియో 1935లో నిజాము ప్రభుత్వము చేతికి వచ్చెను. కోహీరువంటి దూరపు టూళ్ళలో, కరెంటు లేని యింట, దానిని వినుటకు బ్యాటరీ సెట్టే శరణ్యము. వాల్వులోని తీగ వేడెక్కిననేగాని సెట్టు పలుకదు. ఆ వేడికొక బ్యాటరీ. పలుకునకు సుమారు 90 వోల్టులది మరియొకటి. మాట పుట్టకమునుపే ఖర్చు మొదలు! బ్యాటరీ అడుగంటినచో వార్తలు నడుమనే ఆగును.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్‌లు సాధించిన ట్రాన్సిస్టరునకు ఆ కాలెడు తీగతో పనిలేదు. 1954నాటి రీజెన్సీ సెట్టు నాలుగు ట్రాన్సిస్టర్లతో, 22.5 వోల్టుల ఒక్క బ్యాటరీతో పలికెను.

అయినను మేము మిక్కిలి మెచ్చునది తరువాతి అడుగు. నేటి చిప్పులోని ప్రోగ్రాము, పనిలేనప్పుడు గడియారపు స్పందనను ఆపి చిప్పును నిద్రపుచ్చును. మీట నొక్కగానే మేల్కొలుపును. నాటి వాల్వో, వార్తలకు ముందు మేము మౌనముగా నున్న క్షణమునను కాలుచునే యుండెడిది.